2007 మారుతి 800 ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది. ముందు రిపేరా, అల్లాయ్ వీల్సా, పెయింటా?

పటమట_800

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో బ్రోకర్ ద్వారా 2007 మోడల్ మారుతి 800 ఏసీ, ఏపీ 16 నంబరుది, 68 వేలకి కొన్నాను. మా ఇంట్లో ఇదే మొదటి కారు. నాన్న ముప్పై ఏళ్లు స్కూటర్ మీదే తిరిగారు, ఆయన్ని ఎండలో తిప్పకూడదని ఉన్న డబ్బులతో దీన్ని తీసుకున్నాను.

సమస్య ఏంటంటే, ఆదివారం గుంటూరులో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లేటప్పుడు కృష్ణ మీద వారధి దాటి హైవే ఎక్కాక 70లో పోతుంటే టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే నిలబడుతోంది, కాజ టోల్‌గేట్ దాటినా అంతే. అదే తిరిగొచ్చేటప్పుడు విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ కింద సిగ్నల్‌లో ఐదు నిమిషాలు ఆగితే చాలు, ముల్లు పైకి పోతోంది. ఏసీ వేస్తే ఇంకా తొందరగా. పోయిన వారం భయమేసి పక్కకి ఆపేశాను. మా వీధి మెకానిక్ చూసి థర్మోస్టాట్ వాల్వ్ తీసేస్తే అంతా సెట్ అయిపోతుందన్నాడు, ఇంకా తీయించలేదు.

నా దగ్గర 40 వేలు ఉన్నాయి. 13 అంగుళాల అల్లాయ్ వీల్స్, మ్యాట్ బ్లాక్ పెయింట్, అద్దాలకి నల్ల ఫిల్ము, 100/90 వాట్ల హెడ్‌లైట్ బల్బులు, మంచి మ్యూజిక్ సిస్టమ్ అనుకున్నాను. పని వీలైనంత నేనే చేసుకుందామని ఉంది. స్పానర్ సెట్ కొన్నాను, కారుతో వచ్చిన జాకీ ఉంది, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జాగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణదల_స్పేర్స్

బాబూ, నేను ఇరవై ఏళ్లకి పైగా ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటర్ మీద ఉన్నవాణ్ణి. ఆ థర్మోస్టాట్ తీయించకపోవడం చాలా మంచి పని చేశావు. మన దగ్గర ఇదొక పాత అలవాటు, బండి వేడెక్కిందంటే ముందు వాల్వ్ తీసి పారేస్తారు. ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది అదే, అది తీసేస్తే ఇంజను వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. నీది ఎంపీఎఫ్‌ఐ, అంటే కంప్యూటర్ లెక్కతో పెట్రోలు పోసే బండి కాబట్టి ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్ పాడవుతుంది. ఇంత చేసినా నీ అసలు జబ్బు అలాగే ఉంటుంది.

నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. హైవే మీద బాగుండి సిగ్నల్‌లో వేడెక్కుతోందంటే గాలి అందడం లేదని అర్థం. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. సిగ్నల్‌లో బాగుండి హైవే మీద వేడెక్కితే మాత్రం నీళ్లు తిరగడం లేదని, అంటే రేడియేటర్ లోపల పూడిపోయిందనో వాటర్ పంపు పోయిందనో అనుమానించాలి. ఈ తేడా తెలియక ఊరికే పార్టులు మార్చి డబ్బులు తగలేసుకున్నవాళ్లని నా కౌంటర్ ముందు ఎంతమందిని చూశానో.

పొద్దున ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి లోపల నీళ్ల రంగు చూడు. వేడి మీద ఆ మూత ముట్టుకోవద్దు, ఆవిరి ప్రెషర్‌తో మొహం మీదకి ఎగజిమ్ముతుంది, చూపు పోయినవాళ్లున్నారు. తర్వాత ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, రెండు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వు. జోరుగా తిరిగితే మోటార్ బాగున్నట్టే, అప్పుడు ఫ్యూజు, రిలే, సెన్సర్ వరసగా చూడాలి. తిరగకపోయినా, నీరసంగా తిరిగినా మోటారే పోయింది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ దానంతటదే ఒక్కసారిగా తిరుగుతుంది, చెయ్యి, టవలు, మెడలో గొలుసు దూరంగా పెట్టుకో.

హెడ్ గాస్కెట్, అంటే ఇంజను హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు, పోయిందేమో కూడా చూడు. చల్లని ఇంజను మీద మూత తీసి స్టార్ట్ చేసి, నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తున్నాయేమో చూడు. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మీగడలా తెల్లగా పేరుకుందా? సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా? ఇవేవీ లేకపోతే నువ్వు చాలావరకు గట్టెక్కినట్టే. అల్లాయ్‌లు, పెయింట్ సంగతి తర్వాత మాట్లాడదాం.

బ్రాడీపేట_జెన్

తమ్ముడూ, మాది గుంటూరు. 2003 జెన్ ఉంది, ఆరేళ్లుగా మా వాకిట్లోనే పని చేసుకుంటున్నాను. బాబాయ్ గారు చెప్పిన దానికి నేను కలిపేది ఒకటే. కారుతో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే, దాన్ని నమ్మి కారు కింద దూరొద్దు. ఇటుకలు పేర్చి దాని మీద ఆపడం అసలొద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. మా పక్కింటాయన కారు అలాగే ఇటుకల మీద నుంచి జారింది. ఆ క్షణంలో ఆయన లేచి పానా కోసం లోపలికి వెళ్లాడు కాబట్టి బతికాడు. అది కళ్లారా చూశాక నేను ముందు రెండు జాకీ స్టాండ్లు కొన్నాను, ఆ తర్వాతే టూల్ బాక్సు కొన్నాను. నీ 40 వేలల్లో మొదటి ఖర్చు అదే కావాలి. చక్రాలకి అడ్డంగా చెక్కలు పెట్టు, సెల్లార్‌లో వాలు ఉంటే ఆ చోట పని చేయొద్దు.

ఇంకోటి, ఒక నోటుబుక్కు పెట్టుకుని ఏ రోజు ఏం విప్పావో ఏం మార్చావో రాసుకో. నేను మొదట్లో ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, సెన్సర్ అన్నీ ఒకే ఆదివారం మార్చేశాను, బండి బాగైంది కానీ దేనివల్ల బాగైందో తెలియలేదు, ఆరు నెలలకి అదే జబ్బు తిరిగొస్తే మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నాను. ఒకసారికి ఒకటే మార్చు. ఏ కనెక్టర్ ఊడదీసే ముందైనా ఫోన్‌తో ఫోటో తియ్యి, బోల్టులు పాత పచ్చడి సీసాల్లో వేసి మీద పేరు రాసి పెట్టు.

పటమట_800

బాబాయ్ గారూ, అన్నా, చాలా థ్యాంక్స్. స్టాండ్లు కొన్నాను. ఈ ఆదివారం చూసినవి రాస్తున్నాను.

మూత తీస్తే లోపల కూలెంట్ లేదు, ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి నీళ్లు. బుడగలు లేవు, ఆయిల్ మూత శుభ్రంగా ఉంది, తెల్లపొగ కూడా లేదు. ఫ్యాన్‌కి నేరుగా కరెంటు ఇస్తే తిరుగుతోంది కానీ చాలా నీరసంగా, వేలితో ఆపితే ఆగిపోయేలా ఉంది (ఆపలేదులెండి). ఫ్యాన్ బోల్టులు తీసి పక్కన పెట్టి రేడియేటర్ వెనక లైటు వేసి చూస్తే, కింది సగంలో రెక్కల మధ్య బూడిదరంగు మట్టి గట్టిగా గడ్డకట్టి ఉంది. ఊదితే రాలడం లేదు. రోడ్డు దుమ్ము ఇలా పడుతుందా? అదీ కింద సగానికే, గీత గీసినట్టు?

సింగ్‌నగర్_వాసి

తమ్ముడూ, నేను సాధారణంగా ఇక్కడ రాయను, చదివి వెళ్లిపోతాను. నీ చివరి రెండు లైన్లు చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

అది రోడ్డు దుమ్ము కాదు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి మా మీదకి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ కింద నిలబెట్టిన కార్లన్నీ మునిగాయి, నీళ్లు తీయడానికి రోజులు పట్టింది. నీళ్లు పోయాక మా కారు తలుపు తీస్తే సీట్ల మీద, డ్యాష్‌బోర్డు మీద, అన్నిటి మీద అదే బూడిదరంగు ఒండ్రుమట్టి, ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. నీళ్లు ఎంత ఎత్తున నిలబడ్డాయో అంత ఎత్తులో గీత పడుతుంది, నువ్వు చెప్పినట్టే. ఆ తర్వాత నెలల్లో మా వైపు నుంచి చాలా బళ్లు కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి చేతులు మారాయి. పాత కార్లకి ఎక్కువగా థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఉంటుంది, వరద నష్టానికి అందులో పైసా రాదు. అందుకే ఎంతొస్తే అంతకి తెగనమ్ముకున్నారు. అమ్మినవాళ్ల కష్టం నాకు తెలుసు, ఆ కష్టం నేనూ పడ్డాను. కానీ కొనేవాడికి చెప్పకుండా అమ్మడం తప్పు.

ఇలా చూడు. ముందు సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా బయటికి లాగు. బయట కనిపించే ముక్క కడుగుతారు కానీ లోపల చుట్టుకుని ఉన్న చివరి జానెడు ఎవరూ కడగరు, అక్కడ మట్టి మరక ఉంటుంది. ముందు సీటు కింద పట్టాల తుప్పు చూడు. ఫ్లోర్ మ్యాటు కాదు, దాని కింద కార్పెట్ ఎత్తి రేకు చూడు. స్టెప్నీ పెట్టే చోట మూలలు వేలితో గీకి చూడు. ఫ్యూజు బాక్సు మూత తీసి ఫ్యూజుల కాళ్లకి పచ్చటి చిలుము పట్టిందేమో చూడు. ఇవి చూడకుండా ఇంకొక్క రూపాయి కూడా పెట్టొద్దు.

పటమట_800

చూశాను. సీటు బెల్టు చివర మట్టిగీత ఉంది. కార్పెట్ కింద మట్టి పొర, డ్రైవర్ కాళ్ల దగ్గర రేకు స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లొట్టపడుతోంది. ఫ్యూజుల్లో నాలుగింటికి చిలుము.

రాత్రి నిద్ర పట్టలేదు. నాన్నకి ఇంకా చెప్పలేదు. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే ఉన్నది ఉన్నట్టుగానే అమ్మామన్నాడు. దీన్ని వదిలించుకోవాలా, బాగు చేసుకోవాలా, మీరే చెప్పండి.

గుణదల_స్పేర్స్

ముందు నాన్నకి చెప్పు బాబూ. ఆయన కూర్చోబోయే బండి, ఆయనకి తెలియాలి.

అమ్మదలుచుకుంటే ఉన్న సంగతి చెప్పి అమ్ము, వచ్చేది తక్కువైనా సరే. ఉంచుకుంటానంటే నేను చెప్పేది విను. 800 కాబట్టి నీకు ఆశ ఉంది. ఇదే కొత్త మోడల్ కారయితే లోపల ఉన్న ఎలక్ట్రానిక్స్‌కి నేనే వద్దనేవాణ్ణి. ఇందులో మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, ఒక చిన్న కంప్యూటర్, గుప్పెడు సెన్సర్లు, అంతే. 1983 నుంచి 2014 దాకా తయారైన బండి, దీనికి దొరకని పార్టు ఆటోనగర్‌లో లేదు. ఇంజను ఆయిల్‌లో ఇప్పుడు నీళ్లు లేవని నీ ఆయిల్ మూత చెబుతోంది. సిలిండర్లలో నీళ్లుండగానే సెల్ఫ్ కొట్టి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి ఇప్పటికే చప్పుడు వచ్చేది.

ప్రాణానికి సంబంధించినవి ముందు. బ్రేకులు. వెనక డ్రమ్ములు విప్పు, లోపల మట్టి, తుప్పు ఉంటాయి, వీల్ సిలిండర్ నుంచి బ్రేక్ ఆయిల్ కారుతోందేమో చూడు. బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చు, అది మామూలుగానే గాలిలో తేమని పీల్చుకుంటుంది, మునిగిన బండిలో సంగతి చెప్పక్కర్లేదు. బ్రేకు పని నీకు కొత్త కాబట్టి మొదటిసారి తెలిసినవాణ్ణి పక్కన పెట్టుకుని చెయ్యి. సీటు బెల్టు లోపలి స్ప్రింగు తుప్పు పట్టి ఉంటుంది, కడిగి వాడొద్దు, కొత్తవి వెయ్యి. లొట్టపడిన ఫ్లోర్ రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించు. అది ఇంట్లో చేసే పని కాదు, టింకరింగ్ షాపులోనే చేయించు, బ్యాటరీ వైరు తీసి పెట్రోలు పైపులు చూసుకున్నాకే వెల్డింగ్ మొదలుపెట్టమను. పుట్టీ పూసి మూసేస్తానంటే ఆ షాపు నుంచి వచ్చెయ్యి.

తర్వాత గేర్‌బాక్సు ఆయిల్. డ్రెయిన్ బోల్టు విప్పితే పాలు కలిపిన టీ రంగులో వచ్చిందంటే నీళ్లు చేరినట్టు, వెంటనే మార్చు. ఇంజను ఆయిల్ కూడా ఎలాగూ మార్చేయి, మూడు లీటర్ల డబ్బా కొంటే సరిపోతుంది, డిప్‌స్టిక్ చూస్తూ పొయ్యి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకో.

కూలింగ్ సంగతి. ఫ్యాన్ మోటారు సెల్ఫ్, డైనమో రిపేరు చేసే షాపుకి పట్టుకెళ్లు, కార్బన్లు, బుష్‌లు వేసి ఇస్తారు, ఆర్మేచర్, అంటే లోపల తిరిగే తీగచుట్ట, పోతేనే కొత్తది. రేడియేటర్ రెక్కలు మెత్తగా రాలిపోతుంటే కడగడం దండగ, కొత్తది వెయ్యి, గట్టిగా ఉంటే ఇంజను వైపు నుంచి బయటికి మామూలు పైపు నీళ్లతో నానబెట్టి కడుగు, ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి. థర్మోస్టాట్ విప్పి చూడు, అసలు ఉందో లేదో కూడా తెలియదు. ఉంటే పాత గిన్నెలో నీళ్లు పోసి వేడి చేస్తూ అందులో వెయ్యి, దాని మీద కొట్టిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. లోపల శుభ్రం అయ్యేదాకా నీళ్లు మార్చి, కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పొయ్యి, బోరు నీళ్లు మాత్రం వద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు కళాయి అడుగున తెల్లగా ఎలా పడుతుందో మీ అమ్మగారిని అడుగు, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే పడుతుంది. పోశాక హీటర్ నాబ్ పూర్తి వేడి మీద పెట్టి, మూత పెట్టకుండానే స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా ఐడిలింగ్‌లో వదులు, లేకపోతే గాలి ఇరుక్కుని మళ్లీ వేడెక్కుతుంది.

చిలుము పట్టిన కనెక్టర్లు ఒక్కోటి ఊడదీసి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, చిన్న బ్రష్‌తో రుద్ది, ఆరాక పెట్టు. బాడీకి బిగించిన ఎర్త్ వైర్ల బోల్టులు విప్పి రేకు మెరిసేదాకా గీకి బిగించు. మునిగిన బళ్లలో సగం పిచ్చి జబ్బులు ఎర్త్ దగ్గరే ఉంటాయి. ఇది నెలల పని, ఓపిగ్గా చెయ్యాలి. డబ్బు పెద్దగా ఖర్చవదు.

బ్రాడీపేట_జెన్

పెట్రోలు రబ్బరు పైపులు కూడా మార్చు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, మన పాత బళ్ల రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. నా జెన్‌లో పైపు మెత్తబడి చెమట పట్టినట్టు పెట్రోలు ఊరుతుంటే వాసనతో పట్టుకున్నాను. ఈ20కి పనికొచ్చేవని అడిగి కొను.

అల్లాయ్‌ల గురించి. నీ టైరు మీద 145/70 ఆర్12 అని ఉంటే చక్రం మొత్తం ఎత్తు సుమారు 508 మిల్లీమీటర్లు. 13 అంగుళాల రిమ్ముకి 155/65 వేస్తే 532 దగ్గరకి వస్తుంది, అంటే దాదాపు ఐదు శాతం పెద్దది. స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, చిన్న ఇంజను మీద లాగే బరువు పెరుగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకోవచ్చు. ఆ డబ్బుతో నాలుగు కొత్త 12 అంగుళాల టైర్లు వెయ్యి, వర్షంలో బ్రేక్ వేసినప్పుడు తేడా తెలుస్తుంది.

ఆర్‌సీ_పేపర్లు

పేపర్ల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. 2007 బండికి 15 ఏళ్లు 2022లో అయిపోయాయి. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో ఈ రోజే చూడు. రెన్యువల్ చేయించి ఉంటే 2027 దాకా ఉంటుంది, చేయించకపోతే నువ్వు రోడ్డు మీద తిరగకూడదు. 2022 ఏప్రిల్ నుంచి పాత కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5 వేలకి పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ వేరు. దానికి ముందు ఫిట్‌నెస్ చూస్తారు.

నల్ల ఫిల్ము వద్దు, 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించాలి, కాబట్టి ఉన్న రంగే వేయించుకో. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదని 2019 జనవరిలోనూ సుప్రీంకోర్టు చెప్పింది. 100/90 బల్బులు కూడా వద్దు, 60/55 వాట్లే రూలు. పైగా ఆ వేడికి హోల్డర్ కరిగి రిఫ్లెక్టర్ మాడుతుంది. లైటు చాలకపోతే రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా మంచి వైరు లాగించు, మామూలు బల్బే చాలా బాగా వెలుగుతుంది. పాత బళ్లలో స్విచ్ దాకా వెళ్లొచ్చే సన్న వైర్లలోనే వోల్టేజీ పోతుంది.

పటమట_800

రెండు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

నాన్నకి చెప్పాను. ఆయన కోప్పడలేదు, మరుసటి ఆదివారం పొద్దున్నే లుంగీ కట్టుకుని సెల్లార్‌లోకి వచ్చి టార్చిలైటు పట్టుకుని నిలబడ్డారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇద్దరం కలిసే చేస్తున్నాం, నోటుబుక్కు ఆయనే రాస్తున్నారు.

థర్మోస్టాట్ హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ, ఎవరో ఎప్పుడో తీసేశారు. కొత్తది వేశాం. ఫ్యాన్ మోటారు విప్పిస్తే కార్బన్లు అరిగి లోపల అదే మట్టి, బాగు చేసి ఇచ్చారు. రేడియేటర్ రెక్కలు చేత్తో ముట్టుకుంటేనే రాలాయి, కొత్తది కొన్నాను. గేర్‌బాక్సు ఆయిల్ బాబాయ్ గారు చెప్పినట్టే టీ రంగులో వచ్చింది, రెండుసార్లు మార్చాక శుభ్రంగా ఉంది. ముందు సీట్ల బెల్టులు కొత్తవి. ఫ్లోర్ రేకు రెండు చోట్ల వెల్డింగ్ పెట్టించాను. ఆర్‌సీ 2027 దాకా ఉంది. మొత్తం 31 వేలు అయింది, నోటుబుక్కులో లెక్క ఉంది. అల్లాయ్‌లు వద్దనుకున్నాను.

నిన్న సాయంత్రం ఏసీ వేసుకుని ఇద్దరం బెంజి సర్కిల్‌కి వెళ్లాం. జనం బాగా ఉన్నారు, పావుగంట పట్టింది దాటడానికి. ఫ్యాన్ తిరగడం, ఆగడం చెవులప్పగించి విన్నాను. ముల్లు సగం దగ్గర నుంచి కదల్లేదు. నాన్న డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు, ఇంటికి వచ్చేదాకా తీయలేదు.

వెనక డ్రమ్ములు ఈ ఆదివారం, మా వీధి చివర పాత మెకానిక్ ఒకాయన పక్కనుండి చూపిస్తానన్నారు. అప్పటిదాకా హైవే ఎక్కడం లేదు.

గుణదల_స్పేర్స్

చాలా సంతోషం బాబూ. రేడియేటర్ మూత పాతదే ఉంచావా? ఉంచి ఉంటే అదీ మార్చు. దాని రబ్బరు, స్ప్రింగు పోతే ప్రెషర్ నిలవదు, కూలెంట్ తొందరగా మరిగి బయటికి పోతుంది. డ్రమ్ము ఊడి రాకపోతే సుత్తితో కొట్టొద్దు, అందులో రెండు బోల్టు రంధ్రాలు ఉంటాయి, సరిపోయే బోల్టులు పెట్టి సమానంగా బిగిస్తూ పోతే అదే బయటికి వస్తుంది. హ్యాండ్ బ్రేకు దించడం మర్చిపోకు, ముందు చక్రాలకి చెక్కలు పెట్టు.